పూర్తికాల సైన్యం, టెరిటోరియల్ ఆర్మీ, హోంగార్డు సేవ: బొగ్గు గని ప్రాంత యువత ముందున్న మూడు మార్గాలు

(పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం నేపథ్య వ్యాసం)

రామగుండం, గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీ ప్రాంతాలలో పదవ తరగతి, ఇంటర్మీడియట్ పూర్తి చేసిన యువతీయువకులలో యూనిఫాం సేవలపై ఆసక్తి ఎక్కువ. తెల్లవారుజామున గోదావరిఖని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలోను, కాలనీల రహదారులపైన పరుగు సాధన చేసే యువకులు నిత్యం కనిపిస్తారు. అయితే వీరిలో అనేకులు సైన్యం, టెరిటోరియల్ ఆర్మీ, హోంగార్డు అనే మూడింటిని ఒకే ఉద్యోగానికి మూడు అంతస్తులుగా భావిస్తున్నారు. ఒకదానిలో ఎంపిక కాకపోతే మరొకటి ఉన్నదనే ధీమాతో విలువైన సంవత్సరాలు గడిపివేస్తున్నారు. వాస్తవానికి ఈ మూడింటికి చట్టాలు వేరు, వయోపరిమితులు వేరు, ఆదాయ స్వరూపం వేరు. ఏ ద్వారం ముందుగా మూసుకుపోతుందో తెలిసినప్పుడే సరైన ఎంపిక సాధ్యమవుతుంది. ఈ విషయమై సమగ్ర సమాచారాన్ని ఒకేచోట అందించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బొగ్గు గని ప్రాంత నేపథ్యం

సింగరేణి కాలరీస్ కంపెనీలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా కలదు. సంస్థ గనులు రాష్ట్రంలోని ఆరు జిల్లాలలో విస్తరించి ఉన్నవి. 2016 అక్టోబరు 11న ఏర్పడిన పెద్దపల్లి జిల్లాలోని రామగుండం పరిధిలో సింగరేణి ఏరియాలతో పాటు 2,600 మెగావాట్ల ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రం, 2021లో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించిన రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ కర్మాగారం ఉన్నవి.

1990వ దశకం ప్రారంభంలో లక్షకు పైగా కార్మికులు పనిచేసిన సింగరేణిలో నేడు ఆ సంఖ్య సుమారు 40 వేలకు తగ్గినది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్ట్ గనులు, భారీ యంత్రాలు రావడం ఇందుకు ప్రధాన కారణం. తండ్రి బాయిలో పనిచేస్తే కుమారునికి కూడా అదే బాయిలో కొలువు దొరుకుతుందన్న పాత నమ్మకం ఈ ప్రాంతంలో సడలినది. సైనిక, పోలీసు ఎంపికల వైపు యువత మొగ్గు చూపడానికి ఈ మార్పే మూలం. ఇటువంటి యువతకు సింగరేణి సేవా సమితి ఉచిత శిక్షణ శిబిరాలను నిర్వహించి ఉన్నది.

మొదటి మార్గం: పూర్తికాల సైనిక సేవ

సైన్యంలో అధికారి హోదాకు దిగువన ఉండే సిపాయి నియామకాలు 2022 జూన్ 14న కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన అగ్నిపథ్ పథకం ప్రకారం జరుగుతున్నవి. ఈ పథకం క్రింద ఎంపికైనవారిని అగ్నివీరులని వ్యవహరిస్తారు. సేవా కాలం, శిక్షణతో కలిపి, నాలుగు సంవత్సరాలు. కాలం పూర్తయిన తరువాత ప్రతి బృందంలో గరిష్ఠంగా 25 శాతం మందిని ప్రతిభ, సంస్థ అవసరాల ఆధారంగా శాశ్వత సేవలోకి తీసుకుంటారు. వారు మరో 15 సంవత్సరాలు పనిచేయవలసి ఉంటుంది. మిగిలినవారు సేవా నిధితో పౌర జీవితంలోకి తిరిగి వస్తారు.

పథకం ప్రకటించిన నాడు నిర్ణయించిన వయస్సు పదిహేడున్నర నుండి 21 సంవత్సరాలు. కోవిడ్ కారణంగా 2020-21, 2021-22లలో నియామకాలు జరగనందున 2022 సంవత్సరానికి మాత్రమే గరిష్ఠ వయస్సును 23 ఏళ్లకు పెంచడం జరిగినది. ఆయా సంవత్సరాల నోటిఫికేషన్‌లో ముద్రించిన జనన తేదీల పరిధియే అంతిమ ప్రామాణికం.

జనరల్ డ్యూటీ విభాగానికి పదవ తరగతిలో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో కనీసం 33 శాతం మార్కులు ఉండవలెను. టెక్నికల్ విభాగానికి ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు, ఆంగ్లం చదివి 50 శాతం మార్కులు పొంది ఉండవలెను. ట్రేడ్స్‌మన్ విభాగంలో కొన్ని పనులకు ఎనిమిదవ తరగతి ఉత్తీర్ణత సరిపోతుంది. మహిళలకు సైనిక పోలీసు విభాగంలో అవకాశం కలదు.

ఎంపిక రెండు దశలలో జరుగుతుంది. 2023 నుండి ముందుగా ఆన్‌లైన్ ఉమ్మడి ప్రవేశ పరీక్ష, అందులో అర్హత పొందినవారికి ర్యాలీ నిర్వహిస్తున్నారు. ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగును 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగించినవారికి పూర్తిగా 60 మార్కులు, పది పుల్-అప్స్ తీసినవారికి 40 మార్కులు లభిస్తాయి. తొమ్మిది అడుగుల కందకం దాటడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ పరీక్షలలో అర్హత సాధిస్తే చాలును. రాష్ట్రంలోని 33 జిల్లాలు సికింద్రాబాద్ ఆర్మీ రిక్రూటింగ్ కార్యాలయ పరిధిలోనివి. 2024 డిసెంబరు 8 నుండి 16 వరకు హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 33 జిల్లాల అభ్యర్థులకు ర్యాలీ జరిగినది. 2025-26 నియామక సంవత్సరపు ప్రవేశ పరీక్షను తెలుగుతో సహా 13 భాషలలో నిర్వహించడం జరిగినది. మునుపు ఆంగ్లం, హిందీ కారణంగా వెనుకబడిన తెలుగు మాధ్యమ విద్యార్థులకు ఇది గణనీయమైన మార్పు.

అగ్నివీరుల వేతనం, సేవా నిధి

పథకం ప్రకారం నెలసరి ప్యాకేజీ మొదటి సంవత్సరం రూ. 30,000, రెండవ సంవత్సరం రూ. 33,000, మూడవ సంవత్సరం రూ. 36,500, నాలుగవ సంవత్సరం రూ. 40,000. ఇందులో 30 శాతం సేవా నిధికి జమ అవుతుంది. అనగా మొదటి సంవత్సరం చేతికి వచ్చేది నెలకు రూ. 21,000. నాలుగేళ్లలో అగ్నివీరుడు జమ చేసే మొత్తం సుమారు రూ. 5.02 లక్షలు. అంతే మొత్తాన్ని కేంద్ర ప్రభుత్వం జమ చేస్తుంది. వడ్డీతో కలిపి సేవాంతంలో సుమారు రూ. 11.71 లక్షలు అందుతాయని, దీనిపై ఆదాయపు పన్ను ఉండదని పథకం ప్రకటన సమయంలో కేంద్రం తెలియజేసినది.

సేవా కాలంలో రూ. 48 లక్షల జీవిత బీమా కలదు. దీనికి అగ్నివీరుడు ప్రీమియం చెల్లించనవసరం లేదు. విధి నిర్వహణ కారణంగా మరణించినచో రూ. 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన సేవా కాలపు వేతనం కుటుంబానికి అందుతాయి. విధి నిర్వహణలో అంగవైకల్యం సంభవించినచో దాని శాతాన్ని బట్టి రూ. 44 లక్షలు, రూ. 25 లక్షలు లేదా రూ. 15 లక్షలు చెల్లిస్తారు. అయితే నాలుగేళ్లతో నిష్క్రమించే అగ్నివీరునికి పింఛను, గ్రాట్యుటీ, మాజీ సైనికుని హోదా, మాజీ సైనికుల ఆరోగ్య పథకం, క్యాంటీన్ సౌకర్యం వర్తించవు. ఈ అంశాన్ని కుటుంబాలు ముందే గ్రహించవలసి ఉన్నది. పాత విధానంలో 15 ఏళ్లు సేవ చేసి పింఛనుతో తిరిగి వచ్చిన బంధువు అనుభవం అగ్నివీరునికి కొలమానం కాజాలదు.

కేంద్ర సాయుధ పోలీసు దళాలు, అస్సాం రైఫిల్స్ నియామకాలలో మాజీ అగ్నివీరులకు 10 శాతం రిజర్వేషన్, వయోపరిమితిలో తొలి బృందానికి ఐదేళ్లు, తరువాతి బృందాలకు మూడేళ్ల సడలింపును కేంద్ర హోం శాఖ 2022 జూన్‌లో ప్రకటించినది. తొలి బృందం 2022 చివర, 2023 ప్రారంభంలో శిక్షణలో చేరినది. నాలుగేళ్ల గడువు ముగిసిన తరువాత వీరిలో ఎందరు ఏయే ఉద్యోగాలలో స్థిరపడుతున్నారనే వివరమే పథకం ఫలితానికి నిజమైన గీటురాయి కాగలదు.

2022 జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో అగ్నిపథ్‌కు వ్యతిరేకంగా జరిగిన ఆందోళన హింసాత్మకం కాగా పోలీసు కాల్పులలో ఒక యువకుడు మరణించిన విషయం పాఠకులకు విదితమే. ఆందోళనలలోను, దహనకాండలోను పాల్గొనలేదని అభ్యర్థి ప్రమాణపూర్వకంగా తెలియజేయవలెనని, పోలీసు విచారణ లేనిదే నియామకం ఉండదని సైనికాధికారులు ఆ తరువాత స్పష్టం చేశారు. క్షణికావేశంలో నమోదైన కేసు మూడు మార్గాలను ఒకేసారి మూసివేయగలదు.

రెండవ మార్గం: టెరిటోరియల్ ఆర్మీ

టెరిటోరియల్ ఆర్మీ చట్టం 1948లో వచ్చినది. 1949 అక్టోబరు 9న నాటి గవర్నర్ జనరల్ చక్రవర్తి రాజగోపాలాచారి ఈ దళాన్ని లాంఛనంగా ప్రారంభించారు. ఆ తేదీనే ఏటా టెరిటోరియల్ ఆర్మీ దినోత్సవంగా జరుపుతున్నారు. 1962, 1965, 1971 యుద్ధాలలో ఈ దళం పాల్గొన్నది. సికింద్రాబాద్‌లో గార్డ్స్ రెజిమెంట్‌కు అనుబంధమైన 125వ ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ (టి.ఎ.) ఉన్నది.

ఈ దళ స్వభావం బొగ్గు గని ప్రాంత ప్రజలకు ఒక స్థానిక ఉదాహరణతో తేలికగా అర్థమవుతుంది. సింగరేణిలో గని రక్షణ కేంద్రం, అనగా రెస్క్యూ స్టేషన్, ఉన్నది. రెస్క్యూ శిక్షణ పొందిన కార్మికులు సాధారణ రోజులలో తమ తమ గనులలో తమ పని చేసుకుంటారు. నిర్ణీత కాలానికి ఒకసారి శ్వాస పరికరాలు ధరించి సాధన చేస్తారు. గనిలో అగ్నిప్రమాదం గాని, విషవాయువు గాని సంభవించి పిలుపు వచ్చినప్పుడు తమ పని విడిచి రక్షణ బృందంలో చేరుతారు. టెరిటోరియల్ ఆర్మీ దేశ స్థాయిలో ఇటువంటి ఏర్పాటే. జీవనోపాధి వేరు, సైనిక బాధ్యత వేరు. శాంతికాలంలో ఏటా నిర్ణీత శిక్షణ, అవసర సమయంలో పిలుపు దీని విధానం.

అధికారి పోస్టులకు వయస్సు 18 నుండి 42 సంవత్సరాలు. పట్టభద్రులై, తమకంటూ సంపాదన కలిగినవారు మాత్రమే అర్హులు. రాత పరీక్ష, ఇంటర్వ్యూ, సర్వీసెస్ సెలక్షన్ బోర్డు పరీక్ష, వైద్య పరీక్షల ద్వారా ఎంపిక జరుగుతుంది. ఎంపికైనవారు ఏటా రెండు నెలల శిక్షణలో పాల్గొనవలసి ఉంటుంది. సిపాయి స్థాయి నియామకాలు బెటాలియన్లు ప్రకటించే ర్యాలీల ద్వారా జరుగుతాయి. వీటికి కూడా వయస్సు 18 నుండి 42 సంవత్సరాలే. సైన్యం, పోలీసు, పారామిలిటరీ దళాలలో పనిచేస్తున్నవారు టెరిటోరియల్ ఆర్మీ అధికారి పోస్టులకు అనర్హులు.

శిక్షణలోను, పిలుపుపై విధులలోను ఉన్న కాలానికి మాత్రమే సైన్యంతో సమానమైన వేతన భత్యాలు లభిస్తాయి. మిగిలిన కాలంలో వేతనం లేదు. పిలుపుపై విధులు నిర్వహించిన కాలం మొత్తంగా సిపాయిలకు 15 ఏళ్లు, అధికారులకు 20 ఏళ్లు పూర్తయితేనే పింఛను అర్హత ఏర్పడుతుంది. కనుక ఉపాధి లేని యువకుడు దీనిని ఉద్యోగంగా భావించి చేరడం సరికాదు. ఇప్పటికే ఉపాధి ఉండి, దేశ సేవలో పాలు పంచుకొనదలచినవారికి ఇది తగిన మార్గం.

పిలుపు అనేది కాగితంపై మాత్రమే ఉన్న నిబంధన కాదు. 2025 మే 6న రక్షణ మంత్రిత్వ శాఖ టెరిటోరియల్ ఆర్మీ నిబంధనలు, 1948లోని 33వ నిబంధన ప్రకారం ఈ దళ అధికారులను, సిబ్బందిని విధులకు పిలిచే అధికారాన్ని సైన్యాధిపతికి అప్పగించినది. 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14 బెటాలియన్లను విధులలోకి తీసుకొనుటకు అనుమతించినది. ఉత్తర్వు కాలపరిమితి 2025 ఫిబ్రవరి 10 నుండి 2028 ఫిబ్రవరి 9 వరకు.

ఉద్యోగి పిలుపుపై వెళ్లినప్పుడు అతని పౌర ఉద్యోగ పరిస్థితి ఏమిటన్నది ఈ ప్రాంతంలో తరచూ వినవచ్చే ప్రశ్న. చట్టంలోని 7-ఎ సెక్షన్ ప్రకారం సైనిక సేవకు పిలుపు అందుకున్న ఉద్యోగిని సేవ ముగిసిన పిమ్మట యజమాని తిరిగి ఉద్యోగంలోకి తీసుకొనవలెను. 7-బి సెక్షన్ భవిష్య నిధి వంటి హక్కులకు రక్షణ కల్పించినది. అయినప్పటికీ మస్టర్ల లెక్కపై ఆధారపడిన గని కార్మికుడు ముందుచూపుతో వ్యవహరించవలసి ఉన్నది. దరఖాస్తు దశలోనే సంస్థ పర్సనల్ విభాగం నుండి నిరాక్షేపణ పత్రాన్ని లిఖితపూర్వకంగా పొందడం, శిక్షణ ఉత్తర్వు ప్రతిని గని కార్యాలయంలో అందజేసి రసీదు తీసుకొనడం శ్రేయస్కరం. నోటి మాటపై శిక్షణకు వెళ్లి గైర్హాజరు నమోదైన పక్షంలో చట్ట రక్షణ పొందడానికి కూడా కాలయాపన తప్పదు.

మూడవ మార్గం: హోంగార్డు సేవ

దేశంలో హోంగార్డుల వ్యవస్థ 1946 డిసెంబరులో బొంబాయిలో ప్రారంభమైనది. 1962 చైనా యుద్ధం తరువాత కేంద్ర ప్రభుత్వ సలహాపై రాష్ట్రాలు తమ హోంగార్డు సంస్థలను ఒకే విధమైన స్వచ్ఛంద దళంగా పునర్వ్యవస్థీకరించినవి. డిసెంబరు 6న హోంగార్డుల ఆవిర్భావ దినోత్సవం జరుగుతున్నది. ఈ దళం రక్షణ శాఖకు చెందినది కాదు. రాష్ట్ర హోం శాఖ ఆధీనంలో పోలీసులకు సహాయకంగా పనిచేస్తుంది. ట్రాఫిక్ నియంత్రణ, బందోబస్తు, జాతరలు, ఎన్నికలు, విపత్తు సమయాలలో సహాయం వీరి ప్రధాన విధులు. పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాలతో కూడిన రామగుండం పోలీసు కమిషనరేట్ పరిధిలో హోంగార్డుల సేవలు వినియోగించబడుతున్నవి.

కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 18 నుండి 50 సంవత్సరాల వయస్సు గలవారు హోంగార్డులుగా చేరవచ్చును. వీరికి నెల జీతం లేదు. విధి నిర్వహించిన రోజులకు గౌరవ భత్యం చెల్లిస్తారు. తెలంగాణలో రోజుకు రూ. 921గా ఉన్న భత్యాన్ని రూ. 1,000కి, వారాంతపు పరేడ్ భత్యాన్ని రూ. 100 నుండి రూ. 200కు పెంచుతూ 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయం తీసుకొనగా, పెంపు 2025 జనవరి నుండి అమలులోకి వచ్చినది. మరణించిన హోంగార్డు కుటుంబానికి రూ. 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించడం జరిగినది.

హోంగార్డు సేవను క్రమబద్ధీకరించి శాశ్వత ఉద్యోగం కల్పించాలన్న వినతిపై సుప్రీంకోర్టు 2015 మార్చి 11న హిమాచల్ ప్రదేశ్, పంజాబ్, ఢిల్లీ హోంగార్డుల కేసులో తీర్పు వెలువరించినది. క్రమబద్ధీకరణకు ఆదేశించుటకు న్యాయస్థానం నిరాకరించినది. అయితే 30 రోజుల భత్యం పోలీసు సిబ్బందికి లభించే కనీస నెల వేతనానికి సమానంగా ఉండవలెనని తెలిపినది. పోలీసు కానిస్టేబుల్ నియామకాలలో హోంగార్డులకు ప్రత్యేక కోటా ఉన్నందున, ఆ పరీక్షకు సన్నద్ధమయ్యేవారికి ఈ సేవ ఒక సోపానంగా ఉపకరించవచ్చును.

మొదటి సంవత్సరం అగ్నివీరునికి ప్యాకేజీ రూ. 30,000 కాగా, 30 రోజులు విధులు నిర్వహించిన హోంగార్డుకు కూడా రూ. 30,000 లభిస్తుంది. పైకి ఈ రెండు మొత్తాలు సమానంగా కనిపించినా ఫలితం వేరు. అగ్నివీరుని చేతికి రూ. 21,000 మాత్రమే వచ్చును. మిగిలిన రూ. 9,000కు ప్రభుత్వం మరో రూ. 9,000 కలిపి నిధిలో ఉంచుతుంది. భోజన వసతులు సైన్యమే చూస్తుంది. హోంగార్డుకు పూర్తి మొత్తం చేతికి వచ్చినా ఇంటి అద్దె, భోజనం, ప్రయాణం అందులోనే భరించవలెను. సేవాంతంలో నిధి లేదు. ఇందుకు ప్రతిగా అతడు తన ప్రాంతంలోనే, వృద్ధులైన తల్లిదండ్రులకు చేరువలోనే ఉండగలడు.

సమీప సేవలు

ఎన్‌టీపీసీ రామగుండం కేంద్రానికి భద్రత కల్పిస్తున్న కేంద్ర పారిశ్రామిక భద్రతా దళాన్ని సైన్యంగా పొరబడడం ఈ ప్రాంతంలో పరిపాటి. ఇది 1968 చట్టం ప్రకారం 1969 మార్చి 10న ఏర్పడిన, కేంద్ర హోం శాఖకు చెందిన సాయుధ పోలీసు దళం. దీనిలో కానిస్టేబుల్ నియామకాలు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష ద్వారా జరుగుతాయి. సాధారణ వయోపరిమితి 18 నుండి 23 ఏళ్లు. 2024 నుండి ఈ పరీక్షను తెలుగులో కూడా వ్రాయవచ్చును. అగ్నిపథ్ ఈ దళానికి వర్తించదు. ఎంపికైనవారు 60 ఏళ్ల వయస్సు వరకు సేవలో కొనసాగవచ్చును. సైనిక ఎంపికకు చేసిన పరుగు సాధన, చదువు దీనికి కూడా ఉపకరిస్తాయి గనుక రెండింటికి ఏకకాలంలో సన్నద్ధం కావడం ఉత్తమం. కళాశాలలో ఎన్.సి.సి.లో చేరినవారికి సైనిక నియామకాలలో ధ్రువపత్రం స్థాయిని బట్టి అదనపు మార్కులు లభిస్తాయి.

కారుణ్య నియామకం, సైనిక సేవ: కుటుంబ నిర్ణయం

గని కార్మిక కుటుంబాలలో ఈ ఎంపిక మరింత జటిలమైనది. వైద్య కారణాలపై అన్‌ఫిట్‌గా నిర్ధారించబడిన లేదా సేవలో మరణించిన కార్మికుని వారసునికి సింగరేణిలో కారుణ్య నియామకం పొందే అవకాశం కలదు. వారసుల గరిష్ఠ వయోపరిమితిని 2024లో 35 నుండి 40 సంవత్సరాలకు పెంచడం జరిగినది. తండ్రి అన్‌ఫిట్ అయితే తనకు కొలువు వస్తుందని ఎదురుచూస్తూ సైనిక వయస్సు దాటించుకున్న యువకులు ప్రతి కాలనీలోను ఉన్నారు. తండ్రి ఆరోగ్యంగా పదవీ విరమణ చేసినచో ఆ నిరీక్షణకు ఫలితం ఉండదు.

వయోపరిమితులను వరుసగా పరిశీలించినచో చిత్రం స్పష్టమవుతుంది.

1. అగ్నివీరుడు: పదిహేడున్నర ఏళ్ల నుండి, పథకం ప్రకటన ప్రకారం 21 ఏళ్ల వరకు.
2. కేంద్ర సాయుధ పోలీసు దళాల కానిస్టేబుల్: 18 నుండి 23 ఏళ్లు, వర్గాల వారీ సడలింపులు అదనం.
3. సింగరేణి కారుణ్య నియామకం: గరిష్ఠంగా 40 ఏళ్లు.
4. టెరిటోరియల్ ఆర్మీ: 18 నుండి 42 ఏళ్లు.
5. హోంగార్డు: 18 నుండి 50 ఏళ్లు.

18 ఏళ్లకు అగ్నివీరునిగా చేరిన యువకుడు 22 ఏళ్లకు తిరిగి రాగలడు. అప్పటికి మిగిలిన నాలుగు ద్వారాలు తెరిచే ఉంటాయి. ఇందుకు భిన్నంగా 24 ఏళ్ల వరకు వేచి ఉన్న యువకునికి మొదటి ద్వారం తిరిగి తెరుచుకోదు.

అయితే ఒక చిక్కు కలదు. అగ్నివీరుడు నాలుగేళ్లు పూర్తికాక ముందు తన ఇష్టానుసారం సేవ విడిచి రాజాలడు. అసాధారణ సందర్భాలలో సమర్థ అధికారి అనుమతి ఉంటేనే విడుదల సాధ్యం. ఆ నాలుగేళ్లలోనే తండ్రి అన్‌ఫిట్ అయితే కారుణ్య నియామకపు హక్కును ఎవరి పేరిట వినియోగించుకోవాలన్నది కుటుంబం ముందే ఆలోచించుకొనవలెను. ఇతర అర్హులైన వారసులు ఉన్నారా, దరఖాస్తుకు ఎంత గడువు ఉన్నది అనే వివరాలను ఏరియా పర్సనల్ విభాగం నుండి లిఖితపూర్వకంగా తెలుసుకొని, ఆ తరువాతనే సైనిక దరఖాస్తుపై నిర్ణయం తీసుకొనడం మంచిది. ఇద్దరు కుమారులు గల ఇంట ఒకరు సైన్యానికి, ఒకరు ఇంటికి అనే నిర్ణయం తరచూ మాట వరుసగా జరిగిపోతుంది. తరువాతి వివాదాలను నివారించుటకు ఇది కాగితంపై ఉండడం అవసరం.

పదజాలంపై పాత్రికేయులకు సూచన

‘గార్డు’ అనే పదం వార్తలలో భిన్న అర్థాలలో వస్తున్నందున పాఠకులు పొరబడుతున్నారు. బ్రిగేడ్ ఆఫ్ ది గార్డ్స్ అనేది పూర్తికాల సైన్యంలోని పదాతి రెజిమెంట్. కోస్ట్ గార్డ్ 1978 చట్టం ప్రకారం ఏర్పడిన, రక్షణ శాఖ పరిధిలోని సముద్ర తీర రక్షక దళం. దీనిలోని నావిక్ నియామకాలు అగ్నిపథ్ పరిధిలోనివి కావు. హోంగార్డు పోలీసు సహాయక స్వచ్ఛంద సేవకుడు.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల ద్వారా అక్కడి విధానాలు కూడా ఇక్కడ చర్చకు వస్తున్నవి. అక్కడ యాక్టివ్ డ్యూటీ అనగా పూర్తికాల సేవ. రిజర్వు కేంద్ర ప్రభుత్వ ఆధీనంలోని పాక్షిక కాల సేవ. నేషనల్ గార్డ్ సాధారణ సమయంలో రాష్ట్ర గవర్నరు ఆధీనంలోను, పిలుపు వచ్చినప్పుడు దేశాధ్యక్షుని ఆధీనంలోను పనిచేస్తుంది. రిజర్వు, నేషనల్ గార్డ్ సభ్యులు సాధారణంగా నెలకు ఒక వారాంతం, ఏటా రెండు వారాలు శిక్షణ పొందుతారు. అక్కడి రిజర్వుకు మన దేశంలో దగ్గరగా ఉన్నది టెరిటోరియల్ ఆర్మీ. నేషనల్ గార్డ్‌కు సరిసమానమైన దళం మన రాష్ట్రాలలో లేదు, ఏలనన మన రాజ్యాంగం ప్రకారం సైన్యం కేంద్ర జాబితాలోని అంశం. కావున నేషనల్ గార్డ్‌ను ‘హోంగార్డు’ అని అనువదించరాదు.

ప్రముఖులకు ఇచ్చే గౌరవ హోదాలను గూర్చి కూడా జాగ్రత్త అవసరం. క్రికెటర్ మహేంద్రసింగ్ ధోనీకి 2011లో టెరిటోరియల్ ఆర్మీలో లభించిన లెఫ్టినెంట్ కల్నల్ హోదా గౌరవపూర్వకమైనది. రాజకీయ నాయకుడు సచిన్ పైలట్ 2012లో ఎంపిక ప్రక్రియ ద్వారా అదే దళంలో అధికారిగా నియమితులైనారు. ఈ రెండింటి మధ్య భేదాన్ని వార్తలో పేర్కొనడం ఉచితం.

దళారుల పట్ల అప్రమత్తత

నియామక ప్రకటనలు వెలువడిన ప్రతిసారి ఎంపిక చేయిస్తామని డబ్బు వసూలు చేసే దళారులు కనిపించడం కద్దు. ఎంపికలో ప్రవేశ పరీక్ష కంప్యూటర్‌పై, పరుగు గడియారంపై, వైద్య పరీక్ష సైనిక వైద్యులచేత జరుగుతాయి. వీటిలో బయటివారి ప్రమేయానికి తావు లేదు. దరఖాస్తు సైన్యం అధికారిక వెబ్‌సైట్ ద్వారా మాత్రమే స్వీకరించబడుతుంది. ఒరిజినల్ ధ్రువపత్రాలను ఎవరికీ తాకట్టుగా ఇవ్వరాదు. మోసపోయినవారు సమీప పోలీస్ స్టేషన్‌లో వెంటనే ఫిర్యాదు చేయవలెను.

గని ప్రాంతంలో అనేక కుటుంబాలు ఇతర జిల్లాల నుండి వలస వచ్చినవి. అందుచేత నివాస ధ్రువీకరణలో జాప్యం ఏర్పడుతున్నది. నివాస, కుల ధ్రువపత్రాలను మీసేవ కేంద్రం ద్వారా నోటిఫికేషన్‌కు ముందే పొందడం, పదవ తరగతి మెమోలోని పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీలు ఆధార్‌తో సరిపోవునట్లు సరిదిద్దుకొనడం అవసరం. పరుగులో నెగ్గి, పత్రాలలో అక్షర దోషం వలన వెనుదిరగవలసి రావడం ఎంతో బాధాకరం.

సారాంశం

పూర్తికాల సైనిక సేవ చిన్న వయస్సులో మాత్రమే లభించే, నాలుగేళ్ల కాలపరిమితి గల అవకాశం. నలుగురిలో ఒకరికి మించి అందులో కొనసాగే వీలు లేదు గనుక, తరువాతి జీవితానికి ప్రణాళిక చేరిన నాటి నుండే ఉండవలెను. టెరిటోరియల్ ఆర్మీ ఉపాధి ఉన్నవారికి దేశ సేవ చేసే మార్గం, ఉపాధి లేనివారికి ఉపాధి కాదు. హోంగార్డు సేవ స్వస్థలంలో ఉంటూ రోజువారీ భత్యంపై పోలీసులకు తోడ్పడే స్వచ్ఛంద సేవ, దానికి సైనిక హోదా లేదు. అభ్యర్థి వయస్సు, కుటుంబ పరిస్థితి, చేతిలో ఉన్న జీవనోపాధి అనే మూడు అంశాలను ముందు నిలుపుకొని, ముందుగా మూసుకుపోయే ద్వారాన్ని ముందుగా తట్టడం వివేకవంతమైన నిర్ణయం. సలహా అవసరమైనవారు సికింద్రాబాద్ ఆర్మీ రిక్రూటింగ్ కార్యాలయాన్ని, కరీంనగర్‌లోని సైనిక సంక్షేమ కార్యాలయాన్ని, సింగరేణి ఉద్యోగుల పిల్లలైనచో ఏరియా పర్సనల్ విభాగాన్ని సంప్రదించవచ్చును.